కీ ఇచ్చే వాచీ: తక్కువ డబ్బుతో కొనడం, కట్టుకోవడం, విప్పి చూడడం

కొనడానికి బయల్దేరే ముందు ఇంట్లో బీరువా వెతకండి. 1970ల్లోనో 80ల్లోనో మీ ఇంట్లో పెళ్ళి జరిగి ఉంటే, అత్తవారు పెట్టిన హెచ్‌ఎంటీ ఏ నగల పెట్టె అడుగునో పడి ఉండొచ్చు. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టకపోతే అలక తీరని రోజులవి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్ళొచ్చిన వాళ్ళ ఇళ్ళలో అయితే సీకో 5 దొరికినా ఆశ్చర్యపోవక్కర్లేదు. పైసా ఖర్చు లేకుండా మొదటి వాచీ వచ్చినట్టే. పైగా దాని చరిత్ర మీకు తెలుసు. బజార్లో కొన్నదానికి ఆ భాగ్యం ఉండదు.

దొరికిందే చాలని గబగబా కీ తిప్పేయకండి. ఏళ్ళ తరబడి ఆగిపోయిన వాచీలో నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది. రెండు మూడు చుట్లు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. టిక్ టిక్ మంటే ప్రాణం ఉన్నట్టే. అంతటితో ఆపి సర్వీసింగుకి ఇవ్వండి. నూనె లేకుండా రోజూ నడిపితే ఇరుసుల మొనలు అరిగిపోతాయి, ఆ తర్వాత ఏ మెకానిక్ అయినా చేయగలిగింది తక్కువే.

బీరువాలో ఏమీ లేకపోతే

పాత హెచ్‌ఎంటీనే కొనండి. ఇది దేశభక్తి మాట కాదు, లెక్క మాట. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది. తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలోనూ ఫ్యాక్టరీలు వచ్చాయి. దశాబ్దాల పాటు లక్షల్లో తయారైన వాచీలు కాబట్టి ఈ రోజుకీ దొరుకుతున్నాయి. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపినా, చచ్చిన వాచీల నుంచి తీసిన విడిభాగాలు మెకానిక్కుల డబ్బాల్లో ఇంకా ఉన్నాయి. జనతా, పైలట్, కోహినూర్, సోనా లాంటి కీ ఇచ్చే మోడళ్ళలో ఎక్కువ భాగం 17 జువెల్స్ మెషీన్లే. మన వీధి చివర డబ్బా కొట్టులో కూర్చునే మెకానిక్ కళ్ళు మూసుకుని విప్పగలిగే మెషీన్లు. స్విస్ వాచీ చూపిస్తే కొందరు తల అడ్డంగా ఊపుతారు. హెచ్‌ఎంటీ చూపిస్తే కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

జువెల్స్ అంటే ఇరుసులు తిరిగే చోట రాపిడి తగ్గడానికి పెట్టే కృత్రిమ కెంపులు. కీ ఇచ్చే వాచీకి 17 ఉంటే సరిపోతుంది. డయల్ మీద ఆ అంకె ఎంత పెద్దదైతే వాచీ అంత గొప్పదని చెప్పే అమ్మకందారుని మాట పట్టించుకోకండి.

హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకో సహకారంతో వాచీలు చేసింది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన ఆ ఆల్విన్నే. ముచ్చటపడి కొనుక్కోండి కానీ మొదటి వాచీగా వద్దు. పాడైతే విడిభాగాల కోసం ఊళ్ళు తిరగాలి.

కొత్త వాచీయే కావాలంటే సీకో 5, ఓరియంట్, సిటిజన్ ఆటోమేటిక్‌లు చూడండి. చేతి కదలికకు లోపలి బరువు తిరిగి, స్ప్రింగుకు అదే కీ ఇచ్చుకుంటుంది. కొనే ముందు ఒక సంగతి అడగండి. పాత సీకో 5ల్లో వచ్చే 7ఎస్26 మెషీన్‌కి చేత్తో కీ ఇవ్వడం కుదరదు, టైము పెట్టేటప్పుడు సెకన్ల ముల్లు ఆగదు. 4ఆర్36, ఎన్‌హెచ్35 మెషీన్లలో ఈ రెండు సదుపాయాలూ ఉన్నాయి.

ఎక్కడ కొనాలి, ఏం చూడాలి

హైదరాబాద్‌లో ఉంటే గురువారం జుమ్మేరాత్ బజార్‌కో, ఆదివారం ఎర్రగడ్డ సంతకో వెళ్ళి రండి. మొదటిసారి మాత్రం జేబులో డబ్బు పెట్టుకోకుండా వెళ్ళండి. చేతిలో పట్టుకుని చూడ్డం, ధర వినడం, నవ్వి వదిలేయడం అలవాటు కావాలి. ఆన్‌లైన్‌లో కొనేటట్టయితే వెనక మూత తీసి మెషీన్ ఫోటో పంపమని అడగండి. పంపనన్నవాడి దగ్గర కొనకండి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం మోసాలు మీ దాకా రావు.

చేతిలోకి వచ్చాక ఇలా చూడండి. కీ నెమ్మదిగా తిప్పండి. గరగరలాడకుండా, చిన్న చిన్న క్లిక్కులతో తిరగాలి. ఇరవై ముప్పై చుట్ల తర్వాత గట్టిపడి ఆగాలి. ఎంత తిప్పినా ఆగకుండా తిరుగుతూనే ఉంటే, చేత్తో కీ ఇచ్చే వాచీలో ఆ బలాన్ని దాచుకునే మెయిన్ స్ప్రింగ్ తెగినట్టే. ఆటోమేటిక్‌లో మాత్రం స్ప్రింగు జారేలానే చేస్తారు కాబట్టి ఆగకపోవడం తప్పు కాదు. తర్వాత కీ బయటికి లాగి ముళ్ళు తిప్పండి. పన్నెండు గంటల దగ్గర రెండు ముళ్ళూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. తేదీ ఉంటే అర్ధరాత్రి దాటించి చూడండి. వాచీని డయల్ పైకి, డయల్ కిందికి, కీ కిందికి పెట్టి, ఒక్కో భంగిమలో అర నిమిషం వినండి. ఒక వైపు పెట్టినప్పుడు మాత్రమే చప్పుడు నీరసించి ఆగిపోతుంటే బ్యాలెన్స్ వీల్ (అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే చక్రం) ఇరుసు దెబ్బతిని ఉండొచ్చు.

"మొన్ననే సర్వీసింగు చేయించాం సార్" అనే మాటకు విలువ సున్నా. సర్వీసింగు ఖర్చు ఎలాగూ మీదే అనుకుని దాన్ని బేరంలో తగ్గించండి.

తళతళలాడే డయల్‌తో జాగ్రత్త

ఈ సరదాలో డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. పాత హెచ్‌ఎంటీ, సీకో, ఫేవర్ లూబా వాచీల డయళ్ళు గీకేసి, కొత్తగా రంగు వేసి, అక్షరాలు అచ్చు కొట్టి అమ్మే వ్యాపారం మన దేశంలో పెద్దదే. బయటి దేశాల వాచీ ప్రియులు వీటికి 'బాంబే స్పెషల్' అని పేరు కూడా పెట్టారు. హెచ్‌ఎంటీ పైలట్ అంటే నల్ల డయల్, తెల్ల అంకెలు. దాన్ని నారింజ రంగులోనో చిలకాకుపచ్చలోనో చూస్తే అది ఎవరి సరదా అయినా ఫ్యాక్టరీది మాత్రం కాదు.

భూతద్దం పెట్టి అక్షరాల అంచులు చూడండి. అసలు అచ్చులో అంచు గీసినట్టు ఉంటుంది. రీడయల్‌లో, అంటే అలా మళ్ళీ రంగు వేసిన డయల్‌లో, సిరా పాకినట్టు, లావుగా, ఒక్కోసారి వంకరగా ఉంటుంది. నిమిషాల గీతలు అంచు దాకా సమానంగా ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. డయల్ కొత్తగా మెరుస్తూ ముళ్ళు తుప్పు పట్టి ఉన్నా, ముళ్ళ మీద పచ్చటి మెరుపు రంగు ఉండి అంకెల మీద లేకపోయినా, ఆ రెండూ పుట్టుకతో ఒకే వాచీవి కావు.

నా మాట అడిగితే మచ్చలు పడ్డ అసలు డయలే కొనండి. పాలిపోయిన డయల్‌ను చూస్తూ అలవాటు పడొచ్చు. రీడయల్‌ని మాత్రం ఒకసారి గుర్తుపట్టాక మనసు ఒప్పుకోదు. పైగా లోపలి మెషీన్ కూడా నాలుగు వాచీల నుంచి ఏరుకున్నదై ఉండే అవకాశం ఉంటుంది.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. చీకట్లో మెరిసే దేన్నయినా మనం రేడియం అనేస్తాం గానీ, 1960లకు ముందరి కొన్ని స్విస్ వాచీల్లో నిజంగానే రేడియం ఉంది. అలాంటి పాత వాచీ చేతికొస్తే మూత విప్పకండి, ఆ రంగు గీకకండి. పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడం ప్రమాదం.

మెకానిక్‌ను వెతుక్కోవడం

వాచీ కొనడం కన్నా ముఖ్యమైన పని ఇది. ప్రతి ఊళ్ళోనూ బస్టాండు దగ్గరో మార్కెట్ సందులోనో గాజు డబ్బా ముందు కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకున్న ఒక పెద్దాయన ఉంటారు. ఆయన బల్ల మీద సెల్లు వాచీలే ఉన్నాయా, కీ ఇచ్చే వాచీలు కూడా విప్పి ఉన్నాయా చూడండి. తర్వాత మర్యాదగా ఒక ప్రశ్న వేయండి: "మెషీన్ మొత్తం విప్పి కడుగుతారా అండీ, లేక విప్పకుండానే పెట్రోల్‌లో ముంచుతారా?" ప్రశ్న విన్న వెంటనే ఆయన మీ వైపు తలెత్తి చూస్తారు. నిజాయితీపరులు రెండింటికీ రెండు ధరలు చెబుతారు. ఎక్కువ ధర చెప్పిన పనే చేయించండి. విప్పకుండా ముంచితే పాత జిగురు కరిగి కెంపుల మధ్యే మళ్ళీ పేరుకుంటుంది. వాచీ నెలా రెండు నెలలు బాగా నడిచి మళ్ళీ మొదటికొస్తుంది.

సర్వీసింగు ఖర్చు చూసి వాచీ ధరతో పోల్చకండి. చాలాసార్లు రెండూ సమానంగానే ఉంటాయి. వాచీ కొనేటప్పుడే ఆ మొత్తం పక్కన పెట్టుకోవాలి. ఇచ్చేటప్పుడు మూత తీయించి మెషీన్ ఫోటో తీసుకోండి. ఆయన మీద అనుమానం ఉన్నట్టు కాకుండా, "నేర్చుకుంటున్నానండీ" అంటే సరిపోతుంది. ఆ మాటకు కరిగి స్టూలు వేసి కూర్చోబెట్టి చూపించేవాళ్ళు ఉన్నారు.

కట్టుకోవడం

రోజూ పొద్దున ఒకే సమయానికి, చేతి నుంచి తీసి, కీ ఇవ్వండి. చేతికి ఉండగా తిప్పితే కీ పుల్ల ఒక పక్కకి వంగుతుంది. గట్టిపడ్డ చోట ఆపేయండి. "కీ ఎక్కువై ఆగిపోయింది" అనేది చాలా మంది నమ్మకం. నిజానికి అలా ఆగిన వాచీలో సమస్య ఎక్కువగా ఎండిన నూనె, మురికి. నిండుగా కీ ఇవ్వడం తప్పు కాదు, అదే సరైన పద్ధతి.

తేదీ ఉన్న వాచీలో రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా కీతో తేదీ మార్చకండి. ఆ సమయంలో తేదీ చక్రాన్ని లోపలి పళ్ళు పట్టుకుని ఉంటాయి. ముళ్ళను ముందు 6 గంటల దగ్గరికి దించి, అప్పుడు మార్చండి.

నీళ్ళ విషయంలో మొహమాటం వద్దు. వెనక ఏమి రాసి ఉన్నా, పాత వాచీకి వాటర్ ప్రూఫ్ లేదనే అనుకోండి. అంట్లు తోమేటప్పుడు, వానలో బండి మీద వెళ్ళేటప్పుడు తీసేయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఉప్పు చెమటే పెద్ద శత్రువు. రాత్రి తీశాక మెత్తటి గుడ్డతో వెనక మూత తుడవండి. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే ఎండలో పెట్టకండి. కీ బయటికి లాగి, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచి, వీలైనంత త్వరగా మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళండి.

మన ఎండలకి తోలు బెల్టు ఒక్క వేసవిలో వాసన పట్టేస్తుంది. వాచీ వెనక నుంచి ఒకే ముక్కగా దూరే నైలాన్ బెల్టు వాడండి. ఉతికి ఆరేసుకోవచ్చు, పైగా ఒక స్ప్రింగ్ పిన్ను ఊడినా వాచీ కింద పడదు. పాత హెచ్‌ఎంటీలకు 18 మిల్లీమీటర్ల బెల్టు ఎక్కువగా సరిపోతుంది. అయినా స్కేలుతో కొలిచే కొనండి. పిన్ను తీసేటప్పుడు వాచీని పాలిథిన్ కవరులో పెట్టి తీయండి. ఎగిరిన పిన్ను కోసం మంచం కింద పాకే పని తప్పుతుంది.

టైము కొలవడం

నడక కొలిచే మీటర్లు, యాప్‌లు తర్వాత. ముందు ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. పొద్దున ఫోన్ టైముతో పోల్చి తేడా రాయండి, మర్నాడు అదే వేళకు మళ్ళీ రాయండి. వారం రాస్తే వాచీ స్వభావం తెలుస్తుంది. రోజుకు 86,400 సెకన్లు. అందులో 20 సెకన్ల తేడా అంటే 0.02 శాతం. సెల్లు వాచీ దీన్ని చూసి నవ్వొచ్చు గానీ, ఇరుసుల మీద తిరిగే పళ్ళ చక్రాలతో ఆ మాత్రం నిక్కచ్చిగా ఉండడం చిన్న విషయం కాదు. ఎన్‌హెచ్35 మెషీన్ తయారీదారు ఒప్పుకునే తేడాయే రోజుకు వెనక్కి 20 నుంచి ముందుకు 40 సెకన్ల దాకా. కాబట్టి యాభై ఏళ్ళ హెచ్‌ఎంటీ అర నిమిషం అటూ ఇటూ ఉంటే దాన్ని కదిలించకండి.

రోజూ ఒకే లాగా ముందుకు పోతోందా, లేక ఒకరోజు ముందుకి, ఒకరోజు వెనక్కి పోతోందా అన్నదే అసలు చూడాల్సింది. మొదటి దాన్ని సరిచేయొచ్చు. రెండోది సర్వీసింగు అడుగుతోంది. ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంటే బ్యాలెన్స్ వీల్‌ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగ్‌కి అయస్కాంతం పట్టి ఉండొచ్చు. ఫోన్ స్పీకరు, అయస్కాంతపు బొత్తాల బ్యాగు, ఇండక్షన్ పొయ్యి, వీటి దగ్గర వాచీ పెడితే జరిగేది అదే. బడి పిల్లల చిన్న దిక్సూచి దగ్గరికి వాచీని తీసుకెళ్ళండి. ముల్లు గట్టిగా కదిలితే అనుమానం నిజమే. అయస్కాంతం తీసే చిన్న పరికరం ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, క్షణాల పని.

ఖర్చు లేని చిట్కా కూడా ఉంది. రాత్రి వాచీని ఎలా పడుకోబెడతారో దాన్ని బట్టి నడక కొద్దిగా మారుతుంది. ఒక వారం డయల్ పైకి, ఒక వారం కీ పైకి పెట్టి రాసి చూడండి. పగలు ముందుకు పోయిన సెకన్లను రాత్రి వెనక్కి తెచ్చే భంగిమ చాలా వాచీల్లో దొరుకుతుంది. మూత తీయకుండానే సగం సమస్య తీరుతుంది.

ఫోన్ మైకుతో టిక్కులు విని నడక కొలిచే టైమ్‌గ్రాఫర్ యాప్‌లు ఉచితంగా ఉన్నాయి. ఇంట్లో ఫ్యాను ఆపి, ఇయర్‌ఫోన్ మైకును వెనక మూతకు ఆనించండి. పాత హెచ్‌ఎంటీ సెకనుకు 5 టిక్కులు కొడుతుంది, గంటకు 18,000. చాలా సీకోలు 6, గంటకు 21,600. యాప్‌లో ఆ అంకె సరిగ్గా పెట్టకపోతే చూపించేదంతా అబద్ధమే. రోజుకు ఎన్ని సెకన్ల తేడా అనేది చూడండి. యాంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ వీల్ ఎంత విసురుగా ఊగుతోందో చెప్పే అంకె, నిండా కీ ఇచ్చాక 250 డిగ్రీల పైన ఉంటే ఆరోగ్యం. 200 దగ్గరికి పడిపోతే ముందు సర్వీసింగు, తర్వాతే సర్దుబాటు.

మూత తీసి సరిచేయడం

బీరువాలో దొరికిన తాతగారి వాచీ మీద ఈ పని నేర్చుకోకండి. నడుస్తున్నదే అయినా, పోయినా బాధ లేని వాచీ ఒకటి వేరే కొనండి.

బల్ల మీద తెల్ల కాయితం పరిచి, ఫ్యాను ఆపండి. వెనక మూత అంచున చిన్న పెదవి లాంటి చోటు ఉంటే అది నొక్కు మూత. గీతలు పడకుండా చుట్టూ టేపు అంటించి, మూత తీసే కత్తిని ఆ సందులో పెట్టి మెల్లగా తిప్పండి. చుట్టూ గాట్లు ఉంటే మర మూత. దాన్ని ముందు రబ్బరు బంతితో ప్రయత్నించండి. బంతిని మూత మీద గట్టిగా అదిమి తిప్పితే చాలా మూతలు గీత పడకుండా వచ్చేస్తాయి.

లోపల ఊగుతున్న బ్యాలెన్స్ వీల్ పైన ఒక చిన్న మీట కనిపిస్తుంది. దాని పక్కన ప్లస్, మైనస్ గుర్తులో, ఎఫ్, ఎస్ అక్షరాలో ఉంటాయి. వాచీ వెనకబడుతుంటే ప్లస్ లేదా ఎఫ్ వైపు, ముందుకు పోతుంటే రెండో వైపు జరపాలి. జరపడం అంటే కంటికి కనిపించీ కనిపించనంత. వెంట్రుకవాసి కదిలినా రోజుకు నిమిషం తేడా రావచ్చు. కొన పదునైన కొయ్య పుల్లతో తాకండి. ఇనుప వస్తువు జారితే హెయిర్ స్ప్రింగ్ గతి అంతే. ఒకసారి జరిపాక మూత పెట్టి ఒక రోజు గమనించండి. అదే రోజు మళ్ళీ మళ్ళీ ముట్టుకోకండి.

ఎన్‌హెచ్35 లాంటి మెషీన్లలో రెండు మీటలు ఉంటాయి. ప్లస్, మైనస్ గుర్తుల దగ్గరున్నదే మీది. రెండోది టిక్‌కి టాక్‌కి మధ్య వ్యవధిని సమం చేసేది. మీటరు లేకుండా దాన్ని కదిలిస్తే మళ్ళీ సరిచేసుకోవడం తలనొప్పి.

నోటితో ఊదకండి, తేమ పడుతుంది. చిన్న రబ్బరు ఊదుడు బుడ్డి వాడండి. కుట్టు మిషను నూనె ఒక్క బొట్టు కూడా వద్దు. అది అన్ని పళ్ళ మీదకీ పాకి, హెయిర్ స్ప్రింగ్ చుట్లను అతుక్కునేలా చేస్తుంది. అప్పుడు వాచీ పిచ్చిపట్టినట్టు ముందుకు పరుగెడుతుంది.

అద్దం గీతలు మాత్రం నిశ్చింతగా మీరే తీసుకోవచ్చు. గోటితో తట్టండి. మందంగా, ప్లాస్టిక్ చప్పుడు వస్తే అది ఆక్రిలిక్. కొద్దిగా తెల్ల టూత్‌పేస్టు గానీ బ్రాసో గానీ మెత్తటి గుడ్డ మీద వేసి, గుండ్రంగా రుద్దుతూ పోతే చాలా గీతలు మాయమవుతాయి. గాజు అద్దం అయితే ఎంత రుద్దినా దండగ, మార్పించేయండి.

పూర్తిగా విప్పాలనిపిస్తే

ఆగకుండా ఉండలేరని నాకూ తెలుసు. చైనా సీగల్ ఎస్‌టీ36 అనే మెషీన్ కొనండి. స్విస్ యూనిటాస్ 6497కి నకలు, పాకెట్ వాచీ సైజు, 36 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. భాగాలు పెద్దవి, నేర్చుకునే వాళ్ళు ప్రపంచమంతా దీని మీదే చేయి తిప్పుకుంటారు. స్క్రూడ్రైవర్లు 0.8 నుంచి 1.6 మిల్లీమీటర్ల వరకు నాలుగు, మంచి ట్వీజరు ఒకటి, భూతద్దం. ఇంతకు మించి మొదట కొనకండి. చవక సెట్లలో ఇరవై రకాల సామాను ఇస్తారు, అందులో వాడేది మూడు.

మెయిన్ స్ప్రింగ్‌లోని బలం దించకుండా ఏ వంతెనా (చక్రాలను పైనుంచి పట్టి ఉంచే పలక) విప్పకండి. కీని వేళ్ళతో గట్టిగా పట్టుకుని, పళ్ళ చక్రాన్ని ఆపే క్లిక్‌ను పక్కకు తోసి, కీని వేళ్ళ మధ్య మెల్లగా జారనిస్తూ బలం పోనివ్వండి. తర్వాత ముందుగా తీయాల్సింది బ్యాలెన్స్ వీల్. అది తీసి మూతపెట్టి దాస్తే ఇక పెద్ద నష్టం జరగదు. ప్రతి మరకీ ఫోటో తీయండి. మరలను తీసిన వరసలోనే కాయితం మీద పేర్చి పక్కన పేరు రాసుకోండి. పాత మెషీన్లలో కీ పుల్లను బయటికి తీయడానికి ఒక చిన్న మర వదులు చేయాల్సి ఉంటుంది. ఒక చుట్టు చాలు. పూర్తిగా తీసేస్తే లోపల మీట పడిపోతుంది, ఇక డయల్ కింది భాగమంతా విప్పాల్సిందే.

తిరిగి బిగించాక బ్యాలెన్స్ వీల్ దానంతటదే ఊగడం మొదలుపెడితే ఆ రోజుకి పని అయినట్టే. నూనె వేయడం వేరే విద్య. మోబియస్ లాంటి వాచీ నూనెలు ఒక్కో చోటికి ఒక్కో రకం వాడతారు. అది ఆ స్టూలు వేసిన పెద్దాయన పక్కన కూర్చుని చూసి నేర్చుకోండి, వెళ్ళేటప్పుడు టీ పట్టుకెళ్ళండి.